గేటు మీద మాట

వైస్ చాన్స్‌లర్ గది. తలుపు వేసి ఉంది. లోపల ఇద్దరే: ఆయన, అదే యూనివర్సిటీలో లా కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన అక్క.

“ఆఫీసులో ‘ఒరేయ్’ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలక్కా నీకు?”

“తలుపు వేసే ఉందిగా.”

“వేసున్నా సరే. బయట ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వైస్ చాన్స్‌లర్‌ని పట్టుకుని ఒరేయ్ ఏంటి, ఒరేయ్?”

“సరేనండీ వైస్ చాన్స్‌లర్‌గారూ. తమరు ఆ కాళ్ళు ఊపడం ఆపితే నా కాఫీ నా కప్పులోనే ఉంటుంది.”

“ఎలా ఆపను? మధ్యాహ్నం కావస్తోంది. ఈపాటికి హైకోర్టులో మన కేసు పిలిచే ఉంటారు. వాయిదా ఇంకా ఫోన్ చెయ్యలేదు.”

“మన లాయర్‌గారికి ఆ పేరు పెట్టిందెవరో గానీ భలే పెట్టారు. యూనివర్సిటీ లాయర్‌గా చేరిన దగ్గర్నుంచి వాయిదా అడగడం తప్ప ఆయన ఇంకో ముక్క మాట్లాడగా ఎవరైనా విన్నారా? ఇవాళ నిజంగా వాదించాలంటే పాపం గొంతు పెగలొద్దూ!”

“వెటకారం చెయ్యకు. ఆ వాయిదాలే మనల్ని కాపాడాయి. పాత జడ్జిగారు రిటైరయ్యేదాకా కేసుని లాగాడా, లేదా? ఆయన ఉండగా తేలిపోయి ఉంటే ఆ ‘తొలి చదువు’ సీట్లు శాశ్వతంగా మన నెత్తిన కూర్చునేవి.”

“నెత్తిన కూర్చునేది సీట్లు కాదురా, పిల్లలు. కాలేజీ గడప తొక్కినవాళ్ళు ఒక్కరూ లేని ఇళ్ళల్లోంచి వచ్చే పిల్లలు. అలాంటి ఇంటికి ఒక్క సీటు. ఒక్కటంటే ఒక్కటి. అదే ఇంట్లో రెండోవాడికి కూడా ఇవ్వం. దానికే మీ పెద్దమనుషులకి కడుపుమంట.”

“మళ్ళీ ‘రా’ అన్నావు.”

“నోరు జారింది.”

“చూడు, ఆ సీట్లు మంచివా చెడ్డవా అన్నది కాదు ఇప్పుడు. డబ్బున్న తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు, ‘మా పిల్లలకి రావాల్సినవి పంచిపెట్టేస్తున్నారు’ అని. మన పాలకమండలిలో సగం మంది వాళ్ళ స్నేహితులే. నాకు ఇంకో విడత పదవి రావాలంటే ఆ మండలే ఇవ్వాలి. సీట్లు నేనే తీసేస్తే పేపర్లవాళ్ళు ఉతికి ఆరేస్తారు. అదే కోర్టు తీసేసిందనుకో…”

“‘నేనేం చెయ్యను, కోర్టు చెప్పింది’ అని చేతులు దులుపుకుంటావు.”

“మరి? తప్పేముంది అందులో?”

“ఏముంది? ఏమీ లేదు. ఆ సీట్ల తరఫున వాదించాల్సింది మనం. వాదనలో ఓడిపోవాలని రాత్రీ పగలూ కోరుకుంటున్నదీ మనమే. ఇంత పొందికైన కేసు నా సర్వీసులో చూళ్ళేదు.”

“నీకు ఏది చెప్పినా… అదేంటి, గేటు దగ్గర నిచ్చెన? పెయింటర్ వచ్చాడా? నేను పిలవలేదే.”

“ఇంకో కోటింగ్ వెయ్యాలన్నాడు.”

“ఎండకి వెలిసిపోతోందా?”

“వెలిసిపోతోంది.”

“మంచిదే. పని మీద శ్రద్ధ ఉంది మనిషికి. అక్షరాలు రోడ్డు వైపుంటాయి కాబట్టి మనకి కనపడవు గానీ, కారులోంచి చూస్తే అదిరిపోతోంది. ‘ప్రతిభ ఒక్కటే అర్హత!’”

“దానికి ముందు ఏముండేది?”

“నీకు తెలీదా? ‘తొలి చదువుకు తొలి చోటు.’ పాత జడ్జిగారికి అది బాగా నచ్చేది. కొత్త లైబ్రరీ తెరవడానికి వచ్చినప్పుడు కారాపించి మరీ చదివారు.”

“దానికి ముందు?”

“ఇప్పుడెందుకక్కా ఆ పురాణం?”

“‘క్రమశిక్షణే చదువు.’ విద్యార్థుల సమ్మెలంటే గిట్టని జడ్జిగారు ఉన్నంతకాలం. దానికి ముందు ‘ప్రశ్నించడమే చదువు.’ సమ్మెలంటే పెద్దగా పట్టించుకోని జడ్జిగారు ఉన్నన్నాళ్ళు. ఆ గేటు మీద రంగు గీకితే హైకోర్టు చరిత్ర మొత్తం పొరలు పొరలుగా ఊడొస్తుంది. వేరే యూనివర్సిటీలు రాతి మీద చెక్కించుకుంటాయి. మనదొక్కటే పెయింటు.”

“రాతి మీద చెక్కిస్తే మార్చడం కష్టం.”

“నేనూ అదే అంటున్నాను.”

“ఎగతాళి బాగానే ఉంటుంది. మనమొక్కళ్ళమేనా? వైస్ చాన్స్‌లర్లందరికీ ఒక గ్రూపుంది ఫోన్లో. ఏ జడ్జి ఎప్పుడు దిగిపోతాడు, ఎవరొస్తారు, వచ్చినాయనకి ఏది నచ్చుతుంది, అన్నీ అందులో ఉంటాయి.”

“విన్నాను. సొంత పిల్లల పుట్టినరోజులు మర్చిపోయే మహానుభావులకి కూడా జడ్జిల పుట్టినరోజులు కంఠతా వచ్చట.”

“రిటైర్మెంటు లెక్కెయ్యాలంటే పుట్టినరోజు కావాలి కదా!”

“పక్క యూనివర్సిటీ వాళ్ళు ఆడపిల్లల హాస్టల్ మొదలుపెట్టి గోడల దాకా లేపి, జడ్జి మారగానే కప్పు వెయ్యకుండా ఆపేశారు. ఇప్పుడందులో సైకిళ్ళు పెట్టుకుంటున్నారు. అదీ గ్రూపులో చెప్పుకున్నారా?”

“అది వాళ్ళ తొందరపాటు. మనం అలా బయటపడం. మనం ఏదీ ఆపం. పరిశీలనలో ఉంచుతాం.”

“ఆ మాట అనకు. ఇవాళ వినబుద్ధి కావడం లేదు.”

“ఏ మాట?”

“పరిశీలన. ఆ పిల్ల ఇవాళ కూడా వచ్చింది, తెలుసా?”

“ఏ పిల్ల?”

“నక్షత్రాల పిల్ల. లిఫ్టులు రిపేరు చేసేవాళ్ళమ్మాయి. ఎప్పుడు చూడు గ్రహాలు, చుక్కలు, అదే గోల. భౌతికశాస్త్రంలో సీటొచ్చిందని దానికి కబురు పంపింది మీ ఆఫీసే. వెనక్కి తీసుకుందీ మీ ఆఫీసే. రోజూ వచ్చి నా గది ముందు బెంచీ మీద కూర్చుంటుంది. ‘ఏమైంది మేడమ్’ అంటుంది. ఏం చెప్పను? ‘అమ్మా, హైకోర్టులో ఒక ముసలాయనకి వయసు దాటింది, అందుకని నీకు చదువు లేదు’ అని చెప్పనా?”

“లేదని ఎవరన్నారు? పరిశీ… ఆలోచిస్తున్నాం.”

“కేసు తేలేదాకా ఆ సీట్లు ఇస్తూనే ఉండాలని పాత జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ ఉత్తర్వు రిటైరవ్వలేదు. అది ఇంకా బతికే ఉంది.”

“అందుకే కదా ఆపామని ఎక్కడా రాయలేదు!”

“సోమవారం క్లాసులు. ఎప్పటిదాకా ఆలోచిస్తావు? ఆ పిల్లకి జుట్టు నెరిసేదాకానా? ఆపమని నీకు ఎవరు చెప్పారు? కొత్త జడ్జిగారు చెప్పాడా? పాపం ఆయన కుర్చీలో కూర్చుని నోరు కూడా విప్పలేదు. ఆయన ఏమంటాడో ఊహించుకుని నువ్వు ముందే వంగిపోయావు.”

“దాన్ని ముందుచూపు అంటారు.”

“వంగి వంగి ఏదో ఒకరోజు నడుం అలాగే ఉండిపోతుంది, చూసుకో.”

“నీకేం, ఎన్నయినా అంటావు. నువ్వు ఆ సీట్లోనే వచ్చావు కాబట్టి నీకు ప్రేమ. నేనలా కాదు. నా ప్రతిభతో వచ్చాను.”

“ఏమన్నావు?”

“ఉన్నమాటే అన్నాను. ఇంటికి ఒక్కటే అని రూలు. నువ్వు ముందు చేరిపోయావు. నా వంతు వచ్చేసరికి ‘మీ ఇంటి సీటు అయిపోయింది బాబూ’ అన్నారు. అందరితో పాటు పోటీలో రాశాను. నెగ్గాను. ఎవరి సాయం లేకుండా.”

“ఎవరి సాయం లేకుండా.”

“అవును.”

“లెక్కలు ఎవరు చెప్పార్రా నీకు?”

“అంటే… అది…”

“సెలవులకి ఇంటికొచ్చిన ప్రతిసారీ లైబ్రరీ పుస్తకాలు సంచీ తెగిపోయేలా మోసుకొచ్చింది ఎవరు? పరీక్షకి ఎప్పుడు కట్టాలో, ఎక్కడ కట్టాలో మనింట్లో ఎవరికి తెలుసు? నాన్నకా? హాస్టల్ వంటగదిలో గిన్నెలు తోమి తోమి గోళ్ళు అరిగిపోయిన అమ్మకా? ఆ సీటు నాకివ్వలేదురా, మనింటికి ఇచ్చారు. నేను చేరాను కాబట్టి నువ్వు నెగ్గావు. నువ్వు నెగ్గావు కాబట్టి నీ పిల్లలు అడుగు పెడితే చాలు, తలుపులు తెరుచుకున్నాయి. ఇంటికి ఒక్కటి చాలని రూలు పెట్టినవాళ్ళు వెర్రివాళ్ళు కాదు. మిగతాది ఆ ఒక్కరే చూసుకుంటారని వాళ్ళకి తెలుసు.”

“అక్కా, మెల్లగా.”

“నాకు సిగ్గేస్తోంది. నీ అక్కనైనందుకు కాదు. అది నా చేతిలో లేదు. నీకు లెక్కలు చెప్పినందుకు సిగ్గేస్తోంది.”

“అరవకు, బయట వింటారు! సరే, సరే. నువ్వు చెప్పావు లెక్కలు. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి వదిలెయ్. ఇవాళ మంచిరోజు. కొత్త జడ్జిగారి ముందు మొదటి కేసు మనదే.”

“చాలా ధీమాగా ఉన్నావు.”

“ఎందుకుండను? ఆయన లాయర్‌గా ఉన్నప్పుడు ఏ సభకెళ్ళినా ఒకటే పాట. ‘సీటు సంపాదించుకోవాలి గానీ పంచిపెట్టకూడదు.’ హైకోర్టుకి ఆయన పేరు అనుకుంటున్నారని అందరికంటే ముందు పసిగట్టింది నేను.”

“పేపర్లో పడ్డాక.”

“పేపర్లో పడితే సరిపోతుందా? పట్టుకోవాలి కదా! ఆయన ప్రమాణం చెయ్యకముందే పట్టేశాను. గౌరవ డాక్టరేట్. మీ కాలేజీలో పిల్లలు వాదనలు నేర్చుకునే హాలుకి ఆయన పేరు. యూనివర్సిటీ లా సలహా మండలికి ఆయనే అధ్యక్షుడు. మిగతా వైస్ చాన్స్‌లర్లు నిద్ర లేచేసరికి అన్నీ అయిపోయాయి. గ్రూపులో ఒక్కడు కూడా అభినందించలేదు. అంత కుళ్ళు.”

“గౌను నువ్వే తొడిగినట్టున్నావు.”

“నా చేతులతో. కొంచెం పొట్టయింది ఆయనకి, మనిషి ఎత్తు కదా. అయినా ఫోటో బాగా వచ్చింది.”

“మొదటి పేజీలో వచ్చింది.”

“నువ్వే వేయించమన్నావు. నిజం చెప్పనా అక్కా, ఆరోజు నిన్ను చూసి ఆశ్చర్యపోయాను. డాక్టరేట్ అనగానే నా మీద విరుచుకుపడతావనుకున్నా. నువ్వేమో ‘డాక్టరేట్ ఒక్కటీ ఏం బాగుంటుంది, సలహా మండలిలో కూడా వేద్దాం’ అన్నావు.”

“అన్నానా?”

“అన్నావు. హాలుకి పేరు కూడా నువ్వే…”

“ఏదో మాట వరసకి అనుంటాను. ఆలోచన మాత్రం నీదే.”

“ఆలోచన నాదేలే. అది ఎవరూ కాదనలేరు.”

“ఎవరు కాదంటారు?”

“మనిషన్నాక మొహమాటం ఉంటుందక్కా. చేత్తో తీసుకున్నవాడు మొహం తిప్పుకుని వెళ్ళిపోలేడు.”

“నేనూ అదే అనుకున్నాను. మొహమాటం ఉంటుందని.”

“చూశావా! మొత్తానికి ఒక్క విషయంలో కలిశాం.”

“ఆయన లాయర్‌గా ఉన్నప్పుడు ఒకసారి మా కాలేజీకి వచ్చాడు. పిల్లల వాదనల పోటీకి న్యాయనిర్ణేతగా.”

“అవునా? నాకు తెలీదే! బహుమతి ఎవరికిచ్చారు?”

“ఇవ్వలేదు. సగంలో లేచి వేదిక దిగిపోయాడు.”

“అదేంటి? కోపమొచ్చిందా? మీవాళ్ళు సరిగ్గా చూసుకోలేదా?”

“కోపం కాదు. అప్పుడేమైందంటే…”

“ఉండు, ఫోనేమో… కాదు, మా ఆవిడ. తర్వాత చేస్తానని పెట్టాను. ఏదో చెప్తున్నావు?”

“ఏమీ లేదు. పెద్ద విషయం కాదులే.”

“మన కేసు ఆ రెండో కోర్టులో జడ్జిగా ఉన్న ఆవిడ ముందు పడలేదు, అదృష్టం. పడి ఉంటే చచ్చేవాళ్ళం, కోర్టు ఉత్తర్వు తప్పినవాళ్ళని ఊరికే వదలదు.”

“ఏ ఆవిడ? ఇక్కడే చదువుకుని జడ్జి అయిందని మొదటి అంతస్తు గోడ మీద ఫోటో పెట్టారు, తర్వాత నువ్వు పీకించేశావు, ఆవిడా?”

“పీకించలేదు. తుడవడానికి దింపారు.”

“నిరుడు దింపారు. ఇంకా తుడుస్తూనే ఉన్నారు.”

“ఆవిడ వేరే రాష్ట్రం హైకోర్టుకి వెళ్ళిపోతోందని ఖాయంగా చెప్పారు గ్రూపులో!”

“వెళ్ళలేదు.”

“వెళ్ళలేదు. ఏం చేస్తాం… ఇదిగో, ఈసారి వాయిదానే!”

“స్పీకర్ పెట్టు.”

“నీకెందుకు?”

“కేసులో మా కాలేజీ కూడా ఉంది. పెట్టు.”

“ఆఁ, చెప్పండి లాయర్‌గారూ. ప్రిన్సిపాల్‌గారు కూడా వింటున్నారు. అయిపోయిందా? కొట్టేశారా?”

“సార్… నమస్కారం సార్. మేడమ్, నమస్కారం. ఇక్కడ కొంచెం గోలగా ఉంది సార్, వినపడుతోందా?”

“వినపడుతోంది. కొట్టేశారా లేదా?”

“ఏది సార్?”

“సీట్లు!”

“సీట్ల దాకా రాలేదు సార్. పొద్దున్నే పిలిచారు మన కేసు. లేచి నిలబడ్డాను. అలవాటు కొద్దీ వాయిదా అని నోటి దాకా వచ్చింది సార్, మింగేశాను. జడ్జిగారు ఫైలు తెరిచారు. మన యూనివర్సిటీ పేరు చూశారు. మూసేశారు.”

“మూసేశారా? ఎందుకు?”

“‘ఈ యూనివర్సిటీ నాకు డాక్టరేట్ ఇచ్చింది. వీళ్ళ హాలుకి నా పేరుంది. మొన్నటిదాకా వీళ్ళ సలహా మండలిలో ఉన్నాను. నేను ఏ తీర్పు చెప్పినా జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. ఈ కేసు నా ముందు వద్దు’ అన్నారు సార్.”

“వద్దంటే? ఈ పూటకి వద్దనా?”

“ఎప్పటికీ సార్. ఈ ఒక్క కేసే కాదు, తను ఉన్నంతకాలం మన యూనివర్సిటీ కేసు ఏదీ తన ముందుకి తేవద్దని కోర్టు ఆఫీసుకి చెప్పేశారు.”

“నువ్వేం చేస్తున్నావయ్యా అక్కడ? మాకేమీ అభ్యంతరం లేదని చెప్పలేకపోయావా?”

“చెప్పాను సార్! ‘మీకు అభ్యంతరం లేదు, అదే నా అభ్యంతరం’ అన్నారు సార్. కోర్టంతా నవ్వింది.”

“పొద్దున జరిగితే ఇప్పుడా చెప్పేది?”

“మీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు సార్.”

“ఇలా అవుతుందని ముందే తెలీదా నీకు? లాయర్‌వా, కాదా?”

“తెలుసు సార్. డాక్టరేట్ సంగతి విన్నరోజే పరిగెత్తుకొచ్చాను. ‘సార్, చిన్న ఇబ్బంది ఉంది’ అన్నాను. ‘తర్వాత చూద్దాం’ అన్నారు మీరు. మర్నాడొచ్చాను. ‘వచ్చే వారం’ అన్నారు. వచ్చే వారం వచ్చాను. గౌను కొలతలు చూస్తున్నారు. మీరు నాకే వాయిదాలిచ్చారు సార్.”

“అక్కా, నవ్వకు!”

“నవ్వలేదు. కాఫీ గొంతుకడ్డం పడింది.”

“సరే, సరే. కేసు ఇప్పుడు ఎక్కడుంది?”

“సోమవారం క్లాసులని ఆ సీట్ల పిల్లల తరఫు లాయర్ తొందర పెట్టాడు సార్. చీఫ్ జస్టిస్‌గారు అప్పటికప్పుడు రెండో కోర్టుకి మార్చేశారు.”

“రెండో… ఆవిడ ముందుకా?”

“ఆవిడే సార్.”

“వాయిదా అడగలేదా?”

“అడిగాను సార్. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. నేను కూర్చున్నాను.”

“కూర్చున్నావా!”

“వాయిదా కాకుండా నాకింకేం వచ్చు సార్. కేసు తేలేదాకా పాత ఉత్తర్వే నడుస్తుందన్నారు. మీరు ఆపిన పిల్లలందర్నీ సోమవారం క్లాసుల్లో కూర్చోబెట్టాలన్నారు. రేపట్నుంచి రోజూ వింటారట, తేలేదాకా. ఇంకోటి అడిగారు సార్.”

“ఇంకా ఏంటి?”

“‘పరిశీలనలో ఉంచాం అని రాశారు, ఎవరు పరిశీలిస్తున్నారు, దేన్ని పరిశీలిస్తున్నారు? ఆయన్నే వచ్చి చెప్పమనండి’ అన్నారు. రేపు మిమ్మల్ని రమ్మన్నారు సార్.”

“నన్నా?”

“మిమ్మల్నే సార్. నేనొస్తాలెండి పక్కన. మాట్లాడాల్సింది మాత్రం మీరేనట.”

“పెట్టెయ్. పెట్టెయ్ ఫోను.”

“కాసిని నీళ్ళు తాగరా.”

“ఎంత విశ్వాసం లేని మనిషి! డాక్టరేట్ ఇచ్చాం. హాలిచ్చాం. ఎండలో గంటసేపు నిలబడి ఫోటోలు తీయించుకున్నాం. చివరికి ఇదా? అభిప్రాయాలన్నీ ఉన్నాయిగా ఆయనకి, చెప్పేస్తే పోయేదేముంది?”

“ఆయన అభిప్రాయాలు నాకు నచ్చవు. ఒక్కటీ నచ్చదు. మనిషి మాత్రం నిక్కచ్చి. ఇందాక చెబుతుంటే మధ్యలో ఆపేశావు. మా పోటీలో సగంలో వేదిక దిగిపోయాడు కదా, ఎందుకో తెలుసా? వాదించడానికి వచ్చిన పిల్లల్లో ఆయన మేనకోడలుంది. ఆ పిల్ల పేరు పిలవగానే మార్కుల కాగితం నా చేతిలో పెట్టేసి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. మేం ఎంత బతిమాలినా పైకి రాలేదు.”

“ఈ ముక్క నాకు అప్పుడే చెబితే డాక్టరేట్ జోలికి వెళ్ళేవాణ్ణా?”

“గుర్తు రాలేదు.”

“గుర్తు రాలేదా? నీకా?”

“వయసైపోతోంది కదా.”

“లా ప్రిన్సిపాల్‌వి! కేసులో ఉన్న పార్టీ దగ్గర సన్మానం చేయించుకున్న జడ్జి ఆ కేసు వినడని నీకు తెలీదా?”

“మొదటి ఏడాది పాఠం అది. నువ్వడిగితే చెప్పేదాన్ని. ఏ జడ్జికి ఏది ఇష్టమో ఊరందర్నీ అడిగావు. చట్టం ఏం చెబుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను అడిగావా?”

“పోన్లే. పోన్లే. ఇప్పుడు దెప్పుకుంటూ కూర్చుంటే పనవదు. రేపు ఆవిడ ముందు నిలబడాలి. ఏం చెప్పాలి? ఆఁ. మేం మొదట్నుంచీ ఆ సీట్ల వైపే. గట్టిగా. నేనే ఆ సీట్ల వల్ల బాగుపడిన ఇంటినుంచి వచ్చాను. మా అక్కయ్య స్వయంగా…”

“ఎవరి సాయం లేకుండా నెగ్గినవాడివి కదరా, ఇంతలో అక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“అది వేరు, ఇది వేరు. ఫోటో! ఆవిడ ఫోటో ఎక్కడుంది?”

“సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల వెనక.”

“తెప్పించు. తుడిపించు.”

“నిరుటినుంచీ తుడుస్తున్నారుగా.”

“అక్కా! ఇంకా… ఆ పిల్లని పిలు. నక్షత్రాల పిల్లని. నా చేత్తో సీటిస్తున్నట్టు ఒక ఫోటో తీయిద్దాం. రేపు పొద్దున పేపర్లో పడితే…”

“ఆ పిల్ల జోలికి రాకు.”

“ఒక్క ఫోటోనే కదా?”

“రాకు అంటున్నాను. అది చదువుకోవడానికి వచ్చింది, నీ పక్కన నిలబడి పళ్ళికిలించడానికి కాదు. పిలిచావో, రేపు ఆవిడ ముందు నీ పరిశీలన సంగతి నేనే వచ్చి చెబుతాను. దేన్ని పరిశీలించావో, ఎవరి పుట్టినరోజులు లెక్కపెట్టావో, అన్నీ.”

“సరే, పిలవను. పిలవన్లే. అంత కోపమెందుకు? అయ్యో, గేటు!”

“గేటుకేమైంది?”

“రేపు పొద్దున ఆవిడ కోర్టుకి ఈ రోడ్డు మీంచే వెళ్తారు! ‘ప్రతిభ ఒక్కటే అర్హత’ అని ఇంతింత అక్షరాలు. పెయింటర్ ఉన్నాడా? ఉన్నాడు, నిచ్చెన మీదే ఉన్నాడు. కేకెయ్యి, ఆపమను. దాన్ని చెరిపేసి పాతది రాయమను. ‘తొలి చదువుకు తొలి చోటు.’ చీకటి పడేలోపు అయిపోవాలి.”

“అయిపోవచ్చింది.”

“ఏది?”

“అదే రాస్తున్నాడు పొద్దున్నుంచీ.”

“ఏది రాస్తున్నాడు?”

“‘తొలి చదువుకు తొలి చోటు.’ కిందికెళ్ళి చూడు. ఆఖరి మాట మిగిలుంటుంది.”

“ఇంకో కోటింగ్ అన్నావు?”

“కోటింగే. కొత్తదాని మీద పాతది.”

“పొద్దున్నుంచీ ఏంటి? అప్పటికింకా కేసే పిలవలేదు కదా! ఆయన ఫైలు మూసేస్తాడని పొద్దున్నే ఎవరికి తెలుసు? నాకు తెలీదు. వాయిదాకి తెలిసినా వాడు చెప్పలేదు. అక్కా… అక్కా, ఇటు చూడు. ఈ కేసు ఆయన ముందుకొచ్చిన రోజు పొద్దున్నే వచ్చి పాతది రాయమని ఆ పెయింటర్‌కి ఎప్పుడు చెప్పావు నువ్వు?”

“నువ్వు ఆయనకి గౌను తొడిగిన సాయంత్రమే.”